మోకాలి బుడిపె, కాఫీ పిప్పి: టీచరుగారి జవాబులు

ఈసారి నా చేతికిచ్చిన ఉత్తరాలు మూడూ చెన్నైవే. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి స్కూళ్ళలో పీటీ టీచరుగా పిల్లల్ని ఆడించాను, రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళతో కలిసి వంటింటి చెత్తతో ఎరువు చేసే పని చూస్తున్నాను, అందుకని ఎడిటర్‌గారు వీటిని నాకే పంపారు. నేను డాక్టర్ని కాను. గ్రౌండ్‌లో చూసింది, పిల్లల్ని తీసుకెళ్ళి డాక్టర్ల ముందు కూర్చున్నప్పుడు విన్నది, ఆ తర్వాత పట్టుబట్టి చదువుకున్నది రాస్తున్నాను.

ప్రశ్న: టీచరుగారూ, మాది పెరంబూరు. మా ఆయన చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతారు. బాబుకి పదమూడేళ్ళు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. పొద్దున అకాడమీ, సాయంత్రం స్కూల్ టీమ్, ఆదివారం వ్యాసర్పాడి వైపు మ్యాచ్‌లు. మూడు నెలలుగా కుడి మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నాడు, అక్కడ చిన్న బుడిపె కూడా వచ్చింది. కోచ్ ఏమో ఎదిగే వయసు నొప్పి, ఆడుతుంటే అదే పోతుంది అంటారు. మా అత్తగారు పుత్తూరు కట్టు (ఎముకలకి నాటు వైద్యులు కట్టే కట్టు) కట్టిద్దామంటున్నారు. ఇంకో సంగతి, అకాడమీ ఫీజు, ఫిజియో ఖర్చు కలిపితే మాకు భారంగా ఉంది. హోటల్లో రోజుకి రెండు కిలోల కాఫీ పొడి వాడతాం (80 పాళ్ళు కాఫీ, 20 పాళ్ళు చికోరీ), ఆ పిప్పి అంతా చెత్తలోకే పోతుంది. దాంతో ఒంటి సబ్బులు, ఫేస్ స్క్రబ్ చేసి అమ్మొచ్చని వీడియోల్లో చూశాను. ముప్పై వేలు పెట్టి అచ్చులు, నూనెలు కొందామనుకుంటున్నాను. కొనమంటారా? – ఒక అమ్మ, పెరంబూరు

జవాబు: అమ్మా, ఆ ముప్పై వేలు ఇప్పుడే ఖర్చు పెట్టకండి. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు బాబు మోకాలు చూద్దాం.

పదమూడేళ్ళ పిల్లాడు, రోజూ రెండు పూటలా ఆట, చిప్పకి రెండు వేళ్ళ కింద నొప్పి, అక్కడే బుడిపె. ఇలాంటి మోకాళ్ళు నా సర్వీసులో ప్రతి ఏడూ చూశాను, డాక్టర్లు చాలామందికి చెప్పిన పేరు ఒకటే, ఆస్‌గుడ్ ష్లాటర్. పేరు విని భయపడకండి, 1903లో దీని గురించి రాసిన ఇద్దరు డాక్టర్ల పేర్లవి. తొడ ముందు కండరం చిప్ప మీదుగా దిగి కింది కాలి ఎముక పైభాగాన్ని పట్టుకుని ఉంటుంది. పెద్దవాళ్ళలో ఆ పట్టుకున్న చోటు గట్టి ఎముక, మీవాడి వయసులో అది ఇంకా పూర్తిగా గట్టిపడని ఎదుగుదల భాగం. ఈ వయసులో ఎముకలు గబగబా పొడుగవుతాయి, కండరం అంత త్వరగా సాగలేక బిగుసుకుపోతుంది, బంతిని తన్నిన ప్రతిసారీ, ఎగిరి దూకిన ప్రతిసారీ ఆ లేత చోటునే లాగుతుంది. లాగగా లాగగా నొప్పి, వాపు, చివరికి ఆ బుడిపె. నొప్పి పోయాక కూడా బుడిపె కొందరికి అలాగే ఉండిపోతుంది, దానివల్ల ఇబ్బంది ఏమీ లేదు.

కోచ్‌గారి మాటలో సగం నిజం. ఎదిగే వయసు నొప్పే, ఎదుగుదల పూర్తయ్యేసరికి పోయేదే. ఆడుతుంటే పోతుందన్నది మాత్రం తప్పు, ఎందుకంటే ఆ చోటును లాగుతున్నదే ఆట. ఇంతే ఆట ఇలాగే ఆడిస్తే ఏడాదీ రెండేళ్ళూ సాగుతుంది. అలాగని పూర్తిగా మాన్పించనక్కర్లేదు, మాన్పిస్తే పిల్లాడు మనసు కష్టపెట్టుకోవడమే కాక ఈసారి నొప్పి ఉన్నా మీకు చెప్పకుండా దాచడం నేర్చుకుంటాడు.

ఈ రాత్రే ఒక పని చేయండి. వారానికి వాడు ఎన్ని గంటలు ఆడుతున్నాడో కాగితం మీద రాయండి, అకాడమీ, స్కూల్ టీమ్, పీటీ పీరియడ్, ఆదివారం మ్యాచ్, వీధిలో ఆట అన్నీ కలిపి. పిల్లల స్పోర్ట్స్ డాక్టర్లు చెప్పే లెక్క ఒకటుంది, వయసు ఎన్నేళ్ళో వారానికి అన్ని గంటలకు మించి ఆట వద్దని. మీవాడికి 13 గంటలు. రెండు పూటలా ఆడేవాడు ఇరవై దాటినా నేను ఆశ్చర్యపోను. అకాడమీ కోచ్‌కి స్కూల్ గంటలు తెలియవు, స్కూల్ సార్‌కి అకాడమీ గంటలు తెలియవు, మొత్తం తెలిసేది ఆ మోకాలికీ మీకూ మాత్రమే. ఆ కాగితం ఇద్దరికీ చూపించండి. వారంలో ఒక రోజు, వీలైతే రెండు రోజులు, ఆట లేకుండా ఉండాలి, ఏడాదిలో కొన్ని నెలలు వేరే ఏదైనా, ఈతో సైకిలో, చేయాలి.

ఆడుతున్నప్పుడు కాస్త నొప్పి ఉన్నా మర్నాడు పొద్దున్నకి మామూలైపోతే ఆ మోతాదు ఫరవాలేదు. కుంటుతున్నాడా, ఆ రోజుకి ఆట ఆపేయాలి. ఆట అయ్యాక ఐసు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి. తొడ ముందు కండరం, తొడ వెనక కండరం, పిక్క, ఈ మూడూ మెల్లగా సాగదీసే వ్యాయామాలు ఫిజియో ఒకటి రెండు సార్లు నేర్పితే చాలు, మిగతాది ఇంట్లో రోజూ చేయొచ్చు, ప్రతి వారం ఫీజు కట్టే పని లేదు. నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌కి పంపడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఒక్కసారి మాత్రం ఎముకల డాక్టర్‌కి చూపించి తీరాలి. ఆడకపోయినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి, జ్వరం, మోకాలంతా వాచడం, మోకాలు మధ్యలో పట్టేసి కదలకపోవడం, ఎగిరినప్పుడు టప్‌మని శబ్దం వచ్చి కాలు చాపి లేపలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళాలి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది చెప్తున్నాను. ఈ వయసులో తుంటి కీలు దగ్గర ఎముక జారినా, కొందరు పిల్లలు నొప్పి మోకాల్లోనే అంటారు. మోకాలు ఎక్స్‌రే బాగానే ఉంటుంది, పిల్లాడు కుంటుతూనే ఉంటాడు. అలాంటప్పుడు తుంటి కూడా చూడమని మీరే అడగండి.

ఇక అత్తగారి మాట. వారి మీద కోపం వద్దు, చెన్నైలో ఏ పేటకి వెళ్ళినా పుత్తూరు కట్టు బోర్డు కనిపిస్తుంది, మన తెలుగువాళ్ళకి తాతల నాటి నమ్మకం అది. నేనూ ఆ నమ్మకంలోనే పెరిగాను. అయితే నా దగ్గర ఆడిన ఒక పన్నెండేళ్ళ అబ్బాయికి చీలమండ మడతపడి వాచింది, ఇంట్లోవాళ్ళు ఎక్స్‌రే తీయించకుండా ఒకచోట కట్టు కట్టించారు. రాత్రికి వేళ్ళు నీలంగా మారి మొద్దుబారిపోయాయి. కట్టు కోసి ఆసుపత్రికి తీసుకెళ్తే ఎదుగుదల భాగంలోనే ఎముక విరిగిందని తేలింది. పిల్లల్లో కీలు చుట్టూ ఎముకల్ని పట్టి ఉంచే తాళ్ళలాంటి లిగమెంట్లకంటే ఆ ఎదుగుదల భాగమే బలహీనం, పెద్దవాళ్ళకి బెణుకుతో పోయే దెబ్బకి పిల్లల్లో అక్కడ ఎముక విరగొచ్చు. సరిగ్గా కూర్చోకపోతే కాలు పొట్టిగానో వంకరగానో ఎదుగుతుంది. ఆ అబ్బాయి కాలు అదృష్టం కొద్దీ బాగుపడింది. ఆ రోజు వాళ్ళతో నేను వెళ్ళి ఉండాల్సింది అని ఇప్పటికీ బాధపడతాను. అత్తగారికి ఈ సంగతి చెప్పండి, ఎక్స్‌రేకి ముందు ఏ కట్టూ వద్దు. మీ బాబుది విరగడం కాదు కాబట్టి కట్టుతో వచ్చే లాభం అసలే లేదు.

మీ కోచ్‌ని అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఫిఫా 11+ అని ఒక వార్మప్ ఉంది, ఖర్చు లేనిది, ఇరవై నిమిషాలు: 8 నిమిషాలు మెల్లగా పరుగు, 10 నిమిషాల్లో ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్ళు నిటారుగా ఆపి ఉంచడం), ఒంటికాలి మీద నిలబడటం, తొడ వెనక కండరానికి వ్యాయామం, సరిగ్గా దూకి దిగడం అన్నీ కలిపి, చివరి 2 నిమిషాలు వేగంగా పరుగు. వారానికి కనీసం రెండుసార్లు చేయాలి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లల మీద పరీక్షించి 2008లో ఫలితాలు అచ్చు వేశారు, దెబ్బలు దాదాపు మూడో వంతు తగ్గాయి. చిన్నపిల్లలకి 11+ కిడ్స్ అని వేరే ఉంది. టీమ్‌లో పాతిక మంది పిల్లలుంటే పాతిక మందికీ పనికొచ్చేది, మన అకాడమీల్లో గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించి దాన్నే వార్మప్ అంటున్నారు, నాకు చాలా బాధేస్తుంది. బూట్లు కూడా చూడండి. గడ్డి గ్రౌండ్‌కి వేసుకునే పొడుగు స్టడ్స్‌తో (బూటు అడుగున పొడుచుకొచ్చిన బుడిపెలు) ప్లాస్టిక్ టర్ఫ్ మీద ఆడితే పాదం అతుక్కుపోయి మోకాలు మెలితిరుగుతుంది. టర్ఫ్‌కి పొట్టి స్టడ్స్ బూట్లే వేయాలి.

ఇప్పుడు కాఫీ పిప్పి. మీ ఆలోచన మంచిదే, మొదలుపెట్టే వస్తువే సరైంది కాదు. ఒంటి సబ్బు, స్క్రబ్ రెండూ మన చట్టంలో కాస్మెటిక్స్ కిందికి వస్తాయి. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం అమ్మడానికి తయారు చేయాలంటే రాష్ట్రం ఇచ్చే తయారీ లైసెన్సు ఉండాలి, దానికి గది, పరికరాలు, అర్హత ఉన్న మనిషి ఇవన్నీ చూస్తారు. వీడియోల్లో చెప్పేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. సబ్బుకి కాస్టిక్ సోడా వాడాలి, చర్మం మీద, కళ్ళలో పడితే కాలిపోతుంది, ఇరుకు వంటింట్లో పిల్లల మధ్య చేసే పని కాదు. స్క్రబ్ సంగతైతే ఇంకా కష్టం, నీటి తడి ఉన్న పిప్పిని డబ్బాలో పెడితే బూజు పడుతుంది, అది ఎవరో ఒక అమ్మాయి ముఖానికి రాసుకుంటుంది. మీకా టెన్షన్ వద్దు. మీ వ్యాపారం నిలబడి పెద్దదయ్యాక లైసెన్సు ఉన్న యూనిట్‌తో మాట్లాడుకోవచ్చు.

ముందు మీ దగ్గర ఎంత సరుకు వస్తుందో చూడండి. చికోరీ చాలావరకు డికాక్షన్‌లోనే కరిగిపోతుంది, మిగిలే కాస్తా మెత్తటి ముద్దలా ఉంటుంది. కాబట్టి రెండు కిలోల పొడి పెట్టినా ఎండిన పిప్పి కిలో, కిలోన్నర దాకా రావొచ్చు. వారం రోజులు తూచి రాసుకోండి. తడి పిప్పి ఈ చెన్నై ఉక్కలో రెండో రోజుకే బూజు పడుతుంది, అందుకని ఏ రోజుది ఆ రోజే మేడ మీద వడియాలు ఎండబెట్టినట్టు పల్చగా పరచాలి, గంటకోసారి కలపాలి. ఎండిందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు గాజు సీసాలో వేసి మూత పెట్టి ఎండలో గంటసేపు ఉంచండి, సీసా లోపల నీటి చుక్కలు పడితే ఇంకా ఎండలేదని. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, అప్పుడు ఎండబెట్టడం కుదరదు, ఆ మూడు నెలలకి సరిపడా ముందే ఎండబెట్టి గట్టి మూత డబ్బాల్లో దాచుకోవాలి. మరీ ఏళ్ళ తరబడి దాచకండి, పిప్పిలో పదిహేను శాతం దాకా నూనె ఉంటుంది, పాతబడితే కమురు వాసన వస్తుంది.

దీంతో నేను మొదలుపెట్టమనేది బూట్ల సంచులు. నవ్వకండి, ఫుట్‌బాల్ ఆడే పిల్లాడి బూటు వాసన మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బాగా ఎండిన పిప్పి చెడు వాసనని తగ్గిస్తుంది. టైలర్ దగ్గర మిగిలిన కాటన్ ముక్కలతో అరచేతి పొడుగు సంచులు రెండు కుట్టి, ఒక్కోదాంట్లో యాభై గ్రాములు పోసి, జతగా అమ్మండి. రాత్రి బూట్లలో పెట్టి పొద్దున తీసేయాలి, మధ్యమధ్యలో ఎండకి పెట్టుకోవాలి, నెలకోసారి పిప్పి మార్చుకోవాలి. ఆ మార్చే పిప్పే మీకు మళ్ళీ మళ్ళీ వచ్చే బేరం. మొదటి ఇరవై జతలు బాబు అకాడమీలో ఊరికే ఇచ్చి నెల తర్వాత ఏమన్నారో అడగండి. లైసెన్సు గొడవ లేదు, పెట్టుబడి దారం, గుడ్డ, లేబుల్.

రెండోది ఇనప పెనాలు, మూకుళ్ళు తోమే పొడి. జిడ్డు బాగా లాగుతుంది. పాలరాయి మీద, తెల్ల గుడ్డల మీద మరక చేస్తుందని లేబుల్ మీదే రాయండి, తోమాక పిప్పిని సింకులో పోయకుండా చెత్తలో వేయమని కూడా రాయండి, పైపులో పేరుకుని అడ్డం పడుతుంది. ప్యాకెట్ చేసి అమ్మే ఏ వస్తువు మీదైనా మీ పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, ఎమ్మార్పీ, ఫిర్యాదులకి ఫోన్ నంబరు ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ నమోదు) ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బు తీసుకుని చేసిపెడతామనేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి.

ధర కట్టేటప్పుడు పిప్పి ఊరికే వచ్చింది కదా అని మీ చాకిరీని కూడా ఊరికే అనుకోవద్దు. ఎండబెట్టిన గంటలు, కుట్టిన గంటలు లెక్కలో వేసుకోండి. దీంతో ఫిజియో ఖర్చు వస్తుందని చెప్పగలను, అకాడమీ ఫీజు మొత్తం వస్తుందని చెప్పలేను.

ప్రశ్న: టీచర్, నాకు పదిహేనేళ్ళు, స్కూల్ టీమ్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడతాను. మూడు వారాల క్రితం పరిగెత్తుతూ గబుక్కున తిరిగినప్పుడు మోకాల్లో టప్‌మంది. గంటలో బాగా వాచింది. ఇప్పుడు వాపు పోయింది, మామూలుగా నడుస్తున్నాను, కానీ మెట్లు దిగేటప్పుడు ఒక్కోసారి మోకాలు జారిపోయినట్టు ఉంటుంది. వచ్చే నెల జోనల్స్. ఇంట్లో చెప్తే ఆట మాన్పించేస్తారు. నీక్యాప్ వేసుకుని ఆడొచ్చా? – ఒక అమ్మాయి, వ్యాసర్పాడి

జవాబు: ఆడకూడదు తల్లీ. ఈ పేజీ మీ అమ్మకి చూపించు, నువ్వు చెప్పలేకపోతే నా మాటగా చదవనీ.

టప్‌మన్న శబ్దం, గంటలోనే వాపు, ఇప్పుడు మోకాలు జారిపోవడం, ఈ మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది ఏసీఎల్. మోకాలి మధ్యలో రెండు ఎముకలనీ పట్టి ఉంచే తాడులాంటిది అది. వాపు తగ్గిందంటే తాడు అతుక్కుందని కాదు. ఇప్పుడు ఆడితే మోకాలు జారిన ప్రతిసారీ లోపలి మెత్తటి దిండులాంటి భాగం, దాన్ని మెనిస్కస్ అంటారు, నలిగి చిరుగుతుంది, అది పోతే ముప్పై ఏళ్ళకే మోకాలు అరిగిపోయే ప్రమాదం. నీక్యాప్ దీన్ని ఆపలేదు. మీకు దగ్గర్లోనే స్టాన్లీ ఆసుపత్రి ఉంది, ఈ వారమే ఎముకల విభాగానికి వెళ్ళండి, చేత్తో పరీక్ష చేసి అవసరమైతే ఎమ్మారై రాస్తారు.

ఇది నీ తప్పు కాదు. ఒకే ఆట ఆడే మగపిల్లలకంటే ఆడపిల్లలకి ఏసీఎల్ దెబ్బ రెండు మూడు రెట్లు ఎక్కువ. దూకి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వంగకుండా ఎలా దిగాలో నేర్పితే ఇది చాలావరకు తగ్గుతుంది, నీకది నేర్పాల్సింది మాలాంటి పెద్దవాళ్ళు. ఆపరేషన్ అవసరమైతే తొమ్మిది నెలలకంటే ముందు మ్యాచ్ ఆడనివ్వరు, తొందరపడి దిగినవాళ్ళకి మళ్ళీ తెగే ప్రమాదం బాగా ఎక్కువని తేలింది. ఈ ఏడు జోనల్స్ పోతాయి. నాకు తెలుసు అది నీకెంత పెద్ద విషయమో. తొమ్మిది నెలలూ బుద్ధిగా వ్యాయామం చేస్తే నీకు పదహారేళ్ళకే మళ్ళీ గ్రౌండ్.

అమ్మగారూ, మీరిది చదువుతుంటే ఒక్క మాట. పిల్ల మూడు వారాలు నొప్పి దాచింది ఆట మాన్పిస్తారనే భయంతో. దెబ్బకి వైద్యం చేయించండి, ఆట మాన్పించనని ముందే మాట ఇవ్వండి. మాట ఇస్తే ఈసారి ఏ దెబ్బ తగిలినా మొదట మీ దగ్గరికే వస్తుంది.

ప్రశ్న: కాఫీ పిప్పి మొక్కలకు బలం అని విని రెండు నెలలుగా రోజూ కరివేపాకు కుండీలో వేస్తున్నాను. ఆకులు పసుపు పడి మొక్క గిడసబారింది. ఆమ్లం ఎక్కువైందా? పిప్పితో కాంక్రీటు కూడా చేస్తున్నారట, నిజమేనా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, అంబత్తూరు

జవాబు: అన్నయ్యగారూ, ఆమ్లం కాదు. పులుపంతా డికాక్షన్‌లోకే దిగిపోతుంది, మిగిలిన పిప్పి దాదాపు తటస్థంగానే ఉంటుంది. పచ్చి పిప్పిని నేరుగా మట్టిలో వేస్తే మొక్కల ఎదుగుదల బాగా తగ్గిందని మెల్‌బోర్న్‌లో చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. పచ్చి పిప్పిలో మొక్కకి పడని పదార్థాలు ఉండటం, పిప్పిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే వాడుకోవడం కారణాలు కావచ్చు. పైగా పిప్పి మెత్తగా పేరుకుని పైన అట్ట కట్టి నీళ్ళు దిగనివ్వదు.

ఇప్పుడు చేయాల్సింది, కుండీ పైన అంగుళం మందం గీకి తీసేయండి, కొత్త మట్టి, బాగా మాగిన ఎరువు వేయండి, ఇక పచ్చి పిప్పి జోలికి పోకండి. తీసిన పిప్పిని పారేయొద్దు. బకెట్‌కి కన్నాలు పెట్టి, ఎండాకులు, కూరగాయల తొక్కలు, పిప్పి పొరలుగా వేయండి, పిప్పి మొత్తంలో ఐదో వంతు దాటకూడదు. వారానికోసారి తిరగేస్తుంటే రెండు మూడు నెలల్లో నల్లగా, మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. అప్పుడు కరివేపాకుకి కుండీకి రెండు గుప్పిళ్ళు చాలు.

కాంక్రీటు మాట నిజమే. ఆస్ట్రేలియాలో ఆర్‌ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంవాళ్ళు 2023లో చెప్పారు. పిప్పిని గాలి లేకుండా 350 డిగ్రీల దగ్గర బొగ్గులా మార్చి, ఇసుకలో 15 శాతం బదులు అది కలిపితే కాంక్రీటు బలం దాదాపు 30 శాతం పెరిగిందట. పచ్చి పిప్పిని సిమెంటులో కలిపితే మాత్రం బలం తగ్గిపోతుంది, మేడ మీద పిట్టగోడ పగుళ్ళకి ప్రయత్నించకండి.